పొలుసు పురుగుల్ని లోపల్నుంచి తినే బుల్లి ఈగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఎక్కువ తోతాపురి, గట్టు వెంబడి కొన్ని బేనీషాలు, బావి దగ్గర పది చీనీ చెట్లు. నేనుండేది తిరుపతిలో, మిద్దె మీద కుండీలు పెట్టుకుని. పురుగుల్ని కూర్చుని చూడటం నాకో పిచ్చి. ఆ పిచ్చి సంగతి తెలిసిన చుట్టాలు, పక్క తోటల వాళ్ళు ఫోన్ చేసి అడిగేవి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు, ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

పొలుసు పురుగు, పిండినల్లి ఒకటేనా?

చుట్టాలే, కానీ ఒకటి కాదు. రెండూ కొమ్మకో ఆకుకో మూతి గుచ్చి రసం పీల్చే జాతే. పిండినల్లి మీద పిండి చల్లినట్టు ఉంటుంది, మెల్లగా కదులుతుంది. పొలుసు పురుగు చిన్నప్పుడు మాత్రం పాకుతుంది. చాలా రకాల్లో ఒకచోట కుదురుకున్నాక కాళ్ళతో పనే ఉండదు, పైన చిప్పలాంటి కప్పు వేసుకుని అక్కడే బతికి అక్కడే చస్తుంది. గోరుతో గీకితే ఊడొస్తుంది, చాలామంది దాన్ని పురుగు అనుకోరు, బెరడు మీద మచ్చ అనుకుంటారు.

ఈ రెంటికీ మధ్యలో ఐసీరియా అని ఒకటుంది. దీని ముసలి ఆడపురుగులకు కూడా కాళ్ళుంటాయి. వెనకాల గాడిపెట్టినట్టు గీతలున్న తెల్లటి దూది సంచి, దాంట్లో వందల కొద్దీ గుడ్లు, ఒక్కోసారి వెయ్యి దాకా. దాని సొంత దేశం ఆస్ట్రేలియా. దాని ఇంకో చుట్టం, ఈజిప్టు ఐసీరియా అనేది, మన పనస, జామ, క్రోటన్ చెట్ల ఆకుల కింద ఒళ్ళంతా తెల్లటి మైనపు వేళ్ళు పెట్టుకుని కనిపిస్తుంది. ఈ పేజీలో సగం కథ ఈ ఐసీరియా గురించే, ఎందుకంటే ఈగలకు దొరికిన బంగారు గని అదే.

ఈగలేంటి, పురుగుల్ని చంపడమేంటి?

మామిడి కొమ్మ మీద బదనిక మొలవడం మీరు చూసే ఉంటారు. చెట్టు రసం తాగుతూ చెట్టు మీదే బతుకుతుంది. వ్యవసాయ శాఖ వాళ్ళు పురుగుల్లో పురుగును కూడా బదనిక అనే అంటారు. తేడా ఏంటంటే చెట్టు బదనిక చెట్టును ఏళ్ళ తరబడి పీల్చి నీరసపెడుతుంది, పురుగు బదనిక మాత్రం తనకు తిండి పెట్టినదాన్ని చంపి గానీ బయటికి రాదు.

అలాంటి ఈగల్లో అసలు పేరున్నది క్రిప్టోకీటం. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఆవగింజ పక్కన పెడితే జోడీ కుదురుతుంది. లావుపాటి ఒళ్ళు, నీలం ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపు. మామూలు ఈగ మీసం మీద ఒక వెంట్రుక నిక్కబొడుచుకుని ఉంటుంది, దీనికది కనపడదు. ఆ పేరుకి అర్థం కూడా దాదాపు అదే, దాగిన వెంట్రుక.

ఆడ ఈగ ఐసీరియా ఒంట్లోకి గుడ్డు గుచ్చుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల లోపలే తింటూ పెరుగుతుంది. రసంలో మునిగి ఉన్నదానికి గాలెక్కడిది అంటారా, దాని తోక దగ్గర ఒంటికంటే పొడుగైన రెండు దారాలుంటాయి, ఊపిరికి అవే ఆధారం. లోపలంతా ఖాళీ అయ్యాక ఆ డొల్లలోనే ప్యూపాగా మారి, చివరికి తల ముందున్న బుడగను ఉబ్బించి తోసుకుంటూ, చిల్లు చేసుకుని బయటపడుతుంది. చిన్న ఐసీరియాలో ఒక్క పిల్లే బతుకుతుంది, పెద్దదాన్నుంచి అరడజను దాకా కూడా వస్తాయి. బయట నుంచి చూస్తే పురుగు అలాగే కొమ్మకు అంటుకుని ఉంటుంది, బతికే ఉందనుకుని మనం మందు కొడతాం!

మా వాడు కందిరీగలు అన్నాడు, మీరు ఈగలంటున్నారు. ఏది నిజం?

రెండూ. ఇంకా చెప్పాలంటే మీ వాడి మాటకే బరువెక్కువ. పొలుసు పురుగులకు బదనికలుగా బతికేవాటిలో ఎక్కువ భాగం కందిరీగ జాతివే, అవి కూడా చీమ తలంత బుల్లివి, మనిషిని కుట్టవు. యాఫిటిస్, ఎన్‌కార్సియా లాంటి పేర్లు పుస్తకాల్లో కనిపిస్తే అవి ఇవే. 2008లో బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరులో కనపడి, బొప్పాయిని, మల్బరీని తగులుకున్నప్పుడు 2010లో తెప్పించి వదిలిన అసెరోఫేగస్ కూడా కందిరీగే. మల్బరీ పెట్టుకున్న పలమనేరు, మదనపల్లె వైపు వాళ్ళను అడగండి, పిండినల్లి అంటే ఏంటో వాళ్ళకు బాగా తెలుసు.

ఈగను గుర్తుపట్టడానికి రెండే రెక్కలు. కందిరీగకు నాలుగు, పైగా చాలా రకాల్లో నడుము సన్నం. భూతద్దం లేకుండా అంత చిన్నవాటిని విడదీయాలంటే కష్టమే, అనవసరం కూడా. రెండూ మనవైపే.

మరి ఇంత చిన్న ఈగ గురించి పేజీ ఎందుకు?

ఒక పాత కథ ఉంది, నాకది చాలా ఇష్టం. 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తుమ్మజాతి మొక్కలతో పాటు ఐసీరియా కాలిఫోర్నియా చేరింది. ఇరవయ్యేళ్ళలో నారింజ తోటలు తెల్లబడిపోయాయి. రైతులు చెట్లకు గుడారాలు కప్పి విషవాయువు పెట్టారు, కొందరు చెట్లే నరికేశారు. ఆడపురుగు ఒక్కటి మిగిలినా చాలు మళ్ళీ మొదలు, ఎందుకంటే ఐసీరియాలో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి, తనతో తనే గుడ్లు కట్టుకుంటుంది, జోడీ అక్కర్లేదు.

అప్పట్లో అడిలైడ్‌లో ఫ్రేజర్ క్రాఫర్డ్ అనే ఆయన ఈ పురుగు ఒంట్లోంచి ఈగలు రావడం గమనించాడు. అమెరికా ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీకి ఆ సంగతి చేరింది. విదేశీ ప్రయాణాలకు ఆయన శాఖకు డబ్బులివ్వకూడదని చట్టసభ అడ్డం పెడితే, మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ ఖర్చులో కలిపి 1888 ఆగస్టులో ఆల్బర్ట్ కోబెలేని పంపారు. వెళ్ళింది ముఖ్యంగా ఈగ కోసం. అక్టోబరులో అడిలైడ్‌లోని ఒక తోటలో ఐసీరియాను కరకరా నములుతున్న ఒక ఎర్ర అక్షింతల పురుగు కూడా ఆయన కంట పడింది, దాని పేరు రొడోలియా. ఈగలు దాదాపు 12,000 పంపాడు. అక్షింతల పురుగులు మొదట పంపినవి మొత్తం 129. ఏడాదిన్నరలో తోటలు తేరుకున్నాయి, లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచి రైలెక్కే నారింజ ఒక్క ఏడాదిలో 700 వ్యాగన్ల నుంచి 2,000 వ్యాగన్లకు పెరిగింది.

పేరంతా అక్షింతల పురుగుకే వచ్చింది. కానీ తర్వాతి పరిశోధనల్లో తేలిందేంటంటే, సముద్రానికి దగ్గరగా చల్లగా ఉండే తోటల్లో ఎక్కువ పని చేస్తున్నది ఈగ, లోపలి ఎండ ప్రాంతాల్లో అక్షింతల పురుగు. పంచుకున్నాయన్నమాట.

మన దేశానికి ఆ ఐసీరియా రాలేదా?

వచ్చింది. 1920ల్లో నీలగిరుల్లో వాటిల్ అనే తుమ్మజాతి చెట్ల మీద కనపడింది, తర్వాత రొడోలియాను తెప్పించి వదిలారు, అది నిలదొక్కుకుంది.

చిత్తూరు, తిరుపతి తోటల్లో ఈ రకం ఈగలు చూడగలమా?

క్రిప్టోకీటం కోసమే వెతక్కండి, చెట్టు మీద ఏ ఈగ పిల్ల పనిలో ఉందో చూడండి. దక్షిణాదిలో పిండినల్లి గుంపుల్లో బతికే ఈగలు ఇంకా ఉన్నాయి. ట్రయోమాటా అని ఒక దోమలాంటి బుల్లి ఈగ, దాని పిల్ల పిండినల్లిని తింటుంది. కకోక్సీనస్ అని పండ్ల మీద ముసిరే ఈగల కుటుంబానికి చెందినది ఇంకోటి, అరటిపండు మీద కాకుండా పిండినల్లి గుంపులో పిల్లల్ని పెంచుతుంది. ఇవి లోపల దూరే బదనికలు కావు, బయట నుంచి తినేవి. మనకు లాభం ఒకటే.

పోయిన వేసవిలో మా మిద్దె మీద క్రోటన్ ఆకు ఒకటి తెంపి, తెల్ల కాగితం మీద పెట్టి, గుండుసూదితో ఒక దూది సంచి విప్పా. లోపల నారింజరంగు గుడ్లు రవ్వలా జారాయి. వాటి మధ్య ఇంకో నారింజరంగుది, గుడ్డుకంటే కాస్త పొడుగు, మెల్లగా తల అటూ ఇటూ ఆడిస్తోంది. కాళ్ళు లేవు, కళ్ళు లేవు. ఒక గుడ్డుకు మూతి ఆనించి ఆగింది, నేను టీ తాగి వచ్చేసరికి ఆ గుడ్డు చిన్న తొక్కలా ముడుచుకుపోయి ఉంది, అది పక్కదానికి చేరింది. నాలుగు సంచులు విప్పితే మూడింట్లో ఇవే. ఆ రోజు సాయంత్రం కొట్టాలనుకున్న మందు సీసా తిరిగి అల్మారాలో పెట్టేశా.

పేరు విని మోసపోకండి అని ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో ఏప్‌ఫ్లై అనే పేరుతో ఒకటుంది, అది ఈగ కాదు, చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక. దాని గొంగళి పిండినల్లిని తినేస్తుంది. ప్యూపా అచ్చం కోతి మొహం లాగుంటుంది, తిరుమల మెట్ల మీద మన చేతిలో సంచి లాక్కునే కోతుల మొహమే.

నా చెట్టు మీద అవి ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు పద్ధతులు. మొదటిది లెక్క. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. నాలుగు దిక్కులా కొమ్మలు చూసి యాభై పొలుసులు లెక్కపెట్టండి. గుండ్రటి శుభ్రమైన చిల్లు ఉంటే లోపల్నుంచి బదనిక బయటికొచ్చినట్టు. అంచులు చిరిగి, చింపిరిగా ఉంటే పైనుంచి ఏదో కొరికి తిన్నట్టు, అక్షింతల పురుగు పని అయ్యుండొచ్చు. చిల్లు లేకుండా నల్లబడో ఉబ్బో ఉన్నవి లోపల ఇంకా పెరుగుతున్నవి కావచ్చు. సగానికి పైగా ఇలాంటివే ఉంటే నేనైతే మందు జోలికి పోను.

రెండోది డబ్బా పద్ధతి. పురుగు పట్టిన రెండు రెమ్మలు కోసి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతికి పలచటి పంచె గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. ఎండ తగలని చోట పెట్టండి, తడి చేరనివ్వకండి, బూజు పడితే అంతా పాడు. రెండు మూడు వారాలు రోజూ చూడండి. వెలుతురు వైపు గుడ్డకు ఆనుకుని నల్లటి చుక్కలు తిరుగుతుంటే అవే. చూసిన తర్వాత ఆ చెట్టు దగ్గరే గుడ్డ విప్పండి, మర్చిపోయి డబ్బా పారేస్తే పాపం.

తోటలో ఈగలు పెరిగితే మామిడికాయకు పండు ఈగ ఎక్కువవుతుందా?

కాదు, కానీ ఈ భయం చాలామందికి ఉంది. పండు ఈగ వేరే జాతి, దాదాపు ఏడు మిల్లీమీటర్ల గోధుమరంగు ఈగ, కాయలోనే గుడ్డు పెడుతుంది. క్రిప్టోకీటం తన పిల్లల్ని ఐసీరియా, దాని దగ్గరి చుట్టాల ఒంట్లో తప్ప ఇంకెక్కడా పెంచలేదు, కాయ దానికి కనపడినా ఒకటే కనపడకపోయినా ఒకటే. పండు ఈగకు కట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు నిశ్చింతగా కట్టుకోండి, ఆ వాసనకు వచ్చేవి పండు ఈగల్లో మగవి, మన బుల్లి ఈగలకు దాంతో పనిలేదు.

సాయంత్రం కళ్ళ చుట్టూ ముసిరేవి ఇవేనా?

క్రిప్టోకీటంలో కొన్ని రకాలకు మనిషి కంటి తడి మీద మోజు ఉన్నమాట నిజమే, జపాన్‌లో ఆ గోల ఎక్కువ. కానీ మన ఊళ్ళల్లో పిల్లల కళ్ళ మీద వాలేవి దాదాపు అన్నీ వేరే రకం కంటి ఈగలు. వాటిని తోలుకోవచ్చు, పాపం తగలదు.

ఆకుల మీద జిగురు, నల్ల మసి ఉంది. పొలుసు పురుగేనా?

ఆగండి. మామిడిలో పూత సమయంలో జిగురు కారితే మొదట తేనెమంచు పురుగును అనుమానించాలి. పూతను చేత్తో కదిపితే టపటపా ఎగిరి గెంతుతుంటే అదే. గెంతేది ఏదీ లేకుండా, ఆకు వెనక నడిమి ఈనె వెంబడి చిప్పలో దూదో అంటుకుని ఉంటే పొలుసు పురుగు. ఇంకో మెలిక ఉంది, గట్టి కప్పున్న పొలుసు పురుగులు జిగురు కార్చవు, మెత్తటివే కారుస్తాయి. అందుకే మసి లేదు కాబట్టి పురుగు లేదు అనుకోవడానికి లేదు. ఆకు మీద పసుపు మచ్చ, దాని వెనక చిన్న తెల్లటి రేకు, ఇలా ఉంటే గట్టి కప్పు రకం.

మందు కొడితే ఒక్కసారిగా పోతుంది కదా, ఈ ఈగల కోసం ఎవడు ఆగుతాడు?

నేనూ ఇలాగే అనుకున్నా. కొన్నేళ్ళ క్రితం తోతాపురి పూతకు తేనెమంచు పురుగు వచ్చిందని టౌన్లో ఒక మందుల షాపుకు పోతే ఆయన రెండు సీసాలు ఇచ్చి కలిపి కొట్టమన్నాడు. కలిపి కొట్టా. వారానికే చెట్టు కింద చీమ కూడా లేదు, నాకు మహా సంతోషం. మూడోసారి కూడా కొట్టా, ఎందుకైనా మంచిదని. ఏప్రిల్ చివర్లో కాయ తొడిమల దగ్గర తెల్లగా కనపడింది, మే నెల వచ్చేసరికి కొమ్మలు నూనె పోసినట్టు జిగురు. ఫ్యాక్టరీకి తీసుకుపోయిన కాయలో మసి పట్టినదంతా పక్కన పడేశారు. మా నాయన ఒక్క మాట అనలేదు, ఆ పక్కన పడేసిన కుప్ప వైపు చూసి కండువా దులుపుకున్నాడు, అంతే.

జరిగిందేంటంటే, మైనం కప్పుకుని కూర్చున్న పురుగుకు మందు సరిగా తగల్లేదు, బయట తిరిగే ఈగలకు, కందిరీగలకు, అక్షింతల పురుగులకు పూర్తిగా తగిలింది. పోలీసులు పోయి దొంగలు మిగిలారు. ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కూడా కాదు, 1940ల్లో కాలిఫోర్నియాలో డీడీటీ వాడిన నారింజ తోటల్లో ఎప్పుడో అణిగిపోయిన ఐసీరియా మళ్ళీ విరుచుకుపడింది. 1990ల్లో పురుగు చర్మం మార్చుకోనివ్వకుండా చేసే కొత్త రకం మందులు, బుప్రోఫెజిన్, పైరిప్రాక్సిఫెన్ లాంటివి వచ్చాక కూడా అలాంటి గొడవే, ఎందుకంటే అవి అక్షింతల పురుగు పిల్లల్ని కూడా ఎదగనివ్వవు. మెత్తటి మందు అని షాపులో చెప్పేది మన ఒంటికి మెత్తనే కావచ్చు, మిత్ర పురుగులకు కాదు.

అయితే అసలేం కొట్టకూడదా?

కొట్టొచ్చు, చూసి కొట్టాలి. మొదట బాగా పట్టిన రెమ్మలు కోసి తగలబెట్టండి. తర్వాత వేపనూనె, లీటరుకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, ఎండ తగ్గాక, ఆకు వెనక తడిసేలా. నూనె తగిలిన పురుగు ఊపిరాడక చస్తుంది, ఆరిపోయాక మిత్ర పురుగుకు పెద్ద ముప్పుండదు. పట్టిన చెట్లకే కొట్టండి, తోటంతా కాదు. రోడ్డు పక్క తోటలకు ఇంకో మాట: ఆకు మీద దుమ్ము పేరుకుంటే బుల్లి బదనికలు పని చేయలేవు, పొలుసు పురుగు పెరుగుతుంది. గట్టు మీది వరసకు నెలకోసారి ఒట్టి నీళ్ళే జోరుగా కొట్టి చూడండి.

చీమలకూ దీనికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. జిగురుకు మరిగిన చీమలు పొలుసు పురుగు చుట్టూ కాపలా కాస్తాయి, గుడ్డు పెట్టడానికి వచ్చిన ఈగను నిలవనివ్వవు. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలైతే మనల్నే నిలవనివ్వవు. మొదలు చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ బిగించి దాని మీద గ్రీజు రాస్తే చీమ పైకి పోలేదు. కానీ నేలను తాకే కొమ్మలు కత్తిరించకపోతే పట్టీ దండగ, అవి ఆ దారి పట్టుకుంటాయి. మా బావి దగ్గర చీనీలకు ఇదొక్కటే చేశా, ఆ ఏడు ఇంకేం చేయలేదు. తేడా నాకే ఆశ్చర్యం.

ఈ ఈగలు ఎక్కడ అమ్ముతారు?

ఈగలు అమ్మరు. పిండినల్లి మీద వదిలే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు మాత్రం దొరుకుతుంది, 1898లో మన దేశానికి తెచ్చినది, తెచ్చింది కాఫీ పచ్చ పొలుసు పురుగు కోసం, పనికొచ్చింది పిండినల్లికి. బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉంది, మిత్ర పురుగుల పని అంతా అక్కడే. ఎవరైనా విదేశం నుంచి ఈగలు తెప్పిస్తా అంటే నమ్మకండి, అనుమతి లేకుండా బతికున్న పురుగును దేశంలోకి తేవడం చట్టప్రకారం తప్పు.

పక్క తోటలో ఈగలు బాగా ఉన్నాయట, ఆ కొమ్మలు తెచ్చి మా చెట్టుకు కట్టొచ్చా?

వద్దు. ఈగతో పాటు పొలుసు పిల్లలూ వస్తాయి, అవి వలలోంచి కూడా దూరేంత చిన్నవి. మీ తోటలోనే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకైతే సరే, అదీ రెండు చెట్లకూ ఒకే పురుగు ఉంటేనే.

చెరకులో పొలుసు పురుగుకు కూడా ఇవి పనిచేస్తాయా?

క్రిప్టోకీటం పనిచేయదు. చెరకుది గట్టి కప్పు రకం, దాన్ని కందిరీగలు, నల్ల అక్షింతల పురుగులు పట్టుకుంటాయి. పురుగు లేని ముచ్చెలు నాటడం, ఎండాకు తీసెయ్యడం, అవే ముఖ్యం.

ఎన్నాళ్ళు ఆగి చూడాలి?

మా అత్త కొడుకు రోజూ ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఇదే, వాడికి రాత్రి కనపడిన పురుగు పొద్దున్నే పోవాలి. ఈగ గుడ్డు పెట్టి, పిల్ల పెరిగి, మళ్ళీ ఈగ కావడానికి వారాలు పడుతుంది, చలిలో ఇంకా ఆలస్యం. అంచేత ఒక కొమ్మకు రంగు దారం కట్టి, ప్రతి పదిహేను రోజులకు అదే కొమ్మ మీద చిల్లులున్నవెన్ని, లేనివెన్ని అని రాసుకోండి. చిల్లులు పెరుగుతుంటే ఆగండి. రెండు సార్లు చూసినా ఒక్క చిల్లూ లేక, కొత్త రెమ్మలకు పాకుతుంటే, వేపనూనె తీయండి. మావాడి దారం కట్టిన కొమ్మ మీద మొన్నటికి యాభైలో పదకొండు.